పేరు అమ్మాను, పలుపు ఇవ్వను

నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఏ వస్తువు చేతులు మారినా ఆ బేరం లోతుపాతులు నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియవు. ఎద్దు కానివ్వండి, ఎకరం కానివ్వండి, ఎవరిచేత ఏ మాట ముందు అనిపించాలో, ఏ మాట మింగించాలో నాకు కరతలామలకం. ఇంటర్నెట్టులో పేరు చేతులు మారడం కూడా అంతే. దానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మా ఊరి బడిలో ఐదో తరగతి చాలు. జనార్దనం ఇంట్లో ఆ సోమవారం ఉదయం నేనే గనుక ఉండి ఉంటే ఆ పని అరగంటలో తేలిపోయేది. రెండు నెలలు పట్టేది కాదు.

జనార్దనానికి ఆళ్లగడ్డలో పాత్రల దుకాణం ఉంది. దుకాణం వెనక గోడౌను, గోడౌను పక్కనే ఇల్లు. కూతురు భావన హైదరాబాదులో పెళ్లి పందిళ్లు అలంకరించే ఒక కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, ఆ పనేదో ఆళ్లగడ్డలోనే సొంతంగా చేసుకుంటానని పెట్టె సర్దుకొని వచ్చేసింది. జనార్దనం వద్దనలేదు. వద్దనడం ఆయన పద్ధతి కాదు. గడువు పెట్టడం ఆయన పద్ధతి.

"శ్రావణం పెళ్లిళ్లు అయ్యేంతవరకు గోడౌను నీది పాప," అన్నాడు. "ఆలోగా నీ పని నిలబడితే ఇంక ఎప్పటికీ నీదే. నిలబడకపోతే నా గుండిగలు మల్ల లోపలికొస్తాయి. నువ్వు ముందర గల్లాపెట్టె కాడ కూర్చుంటావు."

గోడౌనులో ఉన్న వంట గుండిగలన్నీ ఆ రోజే ఇంట్లోకి వచ్చాయి. వసారాలో కొన్ని, మంచాల కింద కొన్ని, పూజగది ముందర కొన్ని. జనార్దనం భార్య ప్రభావతి వంటింట్లోంచి వీధిలోకి రావాలంటే గుండిగలు దాటుకుంటూ, చీర ఎత్తిపట్టుకుని, వాగులో నడిచినట్టు నడవాల్సి వచ్చేది.

భావన దగ్గర పూలు కట్టే నేర్పు ఉంది, దీపాలు పెట్టే నేర్పు ఉంది, గిరాకీ ఒక్కటే లేదు. గిరాకీ కోసం ఆమె ఒక పేరు కొనదలచింది. ఆ చుట్టుపక్కల ఎవరు ఫోనులో పెళ్లి పందిరి అని వెతికినా మొట్టమొదట కనిపించేది నంద్యాలపందిరి డాట్ కామ్. అది నంద్యాలలో షామియానాలు అద్దెకిచ్చే ఖాజా పీర్‌ది. మోకాళ్లు వంగడం మానేసిన తరువాత ఆయన గుంజలూ గుడ్డలూ అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. పేరు మాత్రం మిగిలింది.

"ఆళ్లగడ్డలో కూర్చుని నంద్యాల పేరేందీ పాప?" అని జనార్దనం అడిగాడు.

"నంద్యాల ఇప్పుడు జిల్లా కద నాయనా. మనం ఆ జిల్లాలోనే ఉండాం," అంది భావన. ఆయన ఒప్పుకున్నాడు.

ఇట్లాంటి పేరు ఇంట్లో ఉండదు. ఏటా అద్దె తీసుకుని దాన్ని తమ దగ్గర ఉంచుకునే కంపెనీలు ఉంటాయి. ఖాజా పీర్ పేరు ఒక కంపెనీ దగ్గర ఉంది. భావన తన కొత్త సైటును తయారు చేయించుకున్న కంపెనీ వేరు. అందుచేత రెండు పనులు జరగాలి. పేరుకు యజమాని ఖాజా పీర్ నుంచి భావనకు మారాలి. పేరు ఉండే చోటు పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి మారాలి. గురువారం గోడౌనుకు ప్రారంభం. దానికి ముందు సోమవారం పొద్దున పది గంటలకు ఖాజా పీర్ తన కూతురు అఫ్రీన్‌ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సు దిగాలి, పదిన్నరకు పని కావాలి, మధ్యాహ్నం భోజనం చేసి తిరుగు బస్సెక్కాలి. ఇదీ ఏర్పాటు.

ఈ ఏర్పాటు మీద నమ్మకంతో భావన అప్పటికే కరపత్రాలు అచ్చువేయించి ఆళ్లగడ్డ, దొర్నిపాడు, కొలిమిగుండ్ల వైపు పేపర్లలో పెట్టి పంచేసింది. కరపత్రం మీద ఫోను నంబరు వేయలేదు. అన్నీ సైటులోనే ఉంటాయి కదా అని పేరొక్కటే అరచేయంత అక్షరాలతో వేయించింది.

అఫ్రీన్ బి.కాం. చదివింది. వచ్చీరాగానే ఫోను తీసి పాత కంపెనీ పేజీ తెరిచింది.

"మామా, ముందు కంపెనీ మార్చుకుందాం," అని జనార్దనానికి చెప్పింది. "పాత కంపెనీ ఒక కోడ్ ఇస్తాది. భావనక్క దాన్ని కొత్త కంపెనీలో కొడతాది. పేరు ఆడికి పొయ్యినంక నిమ్మళంగా యజమానిని మార్చుకోవచ్చు."

జనార్దనం కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. "అంటే నా బిడ్డ పేరు ఎక్కకముందే సరుకు బండెక్కుతాదా?"

"సరుకు కాదు మామా, పేరు."

"ఏదైనా అంతే. స్థలం కొంటే ముందు రిజిస్టరు చేయించుకుంటాం. ఆ తర్వాతే గోడ కట్టుకుంటాం. ముందు గోడ కట్టి తర్వాత రిజిస్ట్రారు కాడికి పొయ్యినోన్ని నేనైతే సూడలేదు."

"నాయనా, అఫ్రీన్ చెప్పినట్ల కానీ," అంది భావన.

"నువ్వు గమ్మునుండు పాప. కొనేది నేను."

ఖాజా పీర్ మర్యాదస్తుడు. ఇంకొకరి ఇంట్లో టీ తాగుతూ ఆ ఇంటి యజమాని మాట కొట్టేసే మనిషి కాదు. "సెట్టి చెప్పింది న్యాయమే కదమ్మా," అన్నాడు కూతురితో. "పేరు ముందు ఎక్కించు. నాకేముంది, ఇయ్యనీకే వచ్చినా."

అఫ్రీన్ యజమాని మార్పు అన్నచోట నొక్కింది. భావన వివరాలన్నీ ఎక్కించింది. చివర ఒక ప్రశ్న వచ్చింది. దాన్ని తనలో తాను చదువుకుని పైకి తెలుగులో చెప్పింది.

"యజమాని మారినంక రెండు నెలలు ఈ పేరు యాడికీ కదలకుండా రక్షణ పెడతారంట. మనకు ఆ రక్షణ వద్దనుకుంటే ఈడ టిక్కు పెట్టాల్నంట."

"రక్షణ వద్దని ఎవుడన్నా అంటాడా?" అన్నాడు జనార్దనం.

"కదలకుండా అంటే మామా..."

"కదలకుండా ఉంటేనే కదమ్మా రక్షణ అనేది. కదిలిపోతే అది ఏం రక్షణ?"

"ఉండనీలేమ్మా," అని ప్రభావతి వంటింట్లోంచి అంది. "ఈ కాలంలో రక్షణ ఊరికే ఇస్తామంటే వద్దనేదేంది."

ముగ్గురు పెద్దవాళ్లు ఒకే మాట మీద ఉన్నారు. అఫ్రీన్ ఒకసారి భావన ముఖం చూసింది. భావన పైకప్పు చూసింది. టిక్కు పెట్టకుండానే అఫ్రీన్ చివరి మీట నొక్కింది. క్షణంలో భావన ఆ పేరుకు యజమానురాలైంది. ప్రభావతి అందరి చేతుల్లో మైసూరుపాకు పెట్టింది.

జనార్దనం మైసూరుపాకు నములుతూ, "ఇంక ఆ కోడ్ తియ్యమ్మా, కొత్త కంపెనీకి పంపిద్దాం," అన్నాడు.

"రాదు మామా."

"యాలా?"

"రక్షణ," అంది అఫ్రీన్.

రెండు నెలలు. శ్రావణం రావడానికి మూడు రోజులుంది, పోవడానికి నెల పైన మూడు రోజులుంది. రక్షణ తీరేసరికి భాద్రపదం కూడా దాదాపు అయిపోతుంది. భాద్రపదంలో మా వైపు ఎవరూ పెళ్లిపందిరి వేయరు. జనార్దనం గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. భావన మైసూరుపాకును తట్టలో పెట్టేసింది.

నేను ఉండి ఉంటే అరగంటలో తేల్చేవాణ్ణి అన్నాను గదా. నిజానికి నేను అక్కడే ఉన్నాను. గిన్నెకు మూత కొందామని వెళ్లి, పలకరించిన పాపానికి వసారాలో ఒక గుండిగ బోర్లించుకుని కూర్చున్నాను. ఆ అరగంటలో నాకు పూర్తిగా అర్థమైంది, నాకిచ్చిన మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నది ఒక్కటే.

అఫ్రీన్ తెలివైన పిల్ల. త్వరగానే తేరుకుంది. "ఏం కాదక్కా," అంది భావనతో. "పేరు పాత కంపెనీలోనే ఉండనీ. ఆ పేరు కొట్టినోళ్లకు మా పాత సైటు కాకుండా నీ కొత్త సైటు కనపడేట్ల దారి మళ్లిస్తే సాలు. దానికి రక్షణ అడ్డం రాదు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జనార్దనం అందరికన్నా ఎక్కువగా పీల్చుకుని, "ఆ మాత్రానికి మీరు నంద్యాల నుంచి మల్ల మల్ల రావడం యాల. ఆ కంపెనీ లోపలికి పొయ్యే పాస్‌వర్డు మాకు ఇచ్చేయి భాయ్. మా పాపే సూసుకుంటాది," అన్నాడు.

ఖాజా పీర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అది ఇయ్యను సెట్టీ."

"ఏందీ?"

"పేరు అమ్మినా. పేరు ఇచ్చినా. పలుపు ఇయ్యను."

ఖాజా పీర్ తండ్రి ఎనుముల బేరగాడు, గేదెలు కొని అమ్మేవాడు. ఎనుమును అమ్మినవాడు దాన్ని కట్టిన పలుపుతాడు మాత్రం విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. ఇది మా వైపు ఆచారం.

"మా అబ్బ ఎన్ని ఎనుములు అమ్మినాడో లెక్కలేదు," అన్నాడు ఖాజా పీర్. "ఎనుమును ఇచ్చినాడు, దూడను ఇచ్చినాడు, గంట అడిగితే గంట ఇచ్చినాడు. పలుపు ఏపొద్దూ ఇయ్యలే. పలుపు పోతే ఆ కొట్టంలో మల్ల ఇంకోటి నిలబడదు. ఆ పాస్‌వర్డు మా ఇంటిది. అది మా ఇంట్లోనే ఉంటాది."

"అబ్బా, అది ఎనుము కాదు," అంది అఫ్రీన్.

"నీకు తెల్దు, ఊరుకో."

ఇంకొక ఊళ్లో అయితే కొన్నవాడు చొక్కా చేతులు పైకి మడిచేవాడు. జనార్దనం మాత్రం గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. ఆయన ఇంట్లో పాలిచ్చే ఎనుము కూడా పలుపు లేకుండా వచ్చిందే. అడగకూడని దాన్ని అడిగానని ఆయనకు తెలిసిపోయింది. చిక్కు విప్పింది ప్రభావతి. గుండిగల మధ్య నిలబడి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "కొనేటోడే కద కొత్త పలుపు తెచ్చుకోవాల్సింది. మనం తెచ్చుకుంటిమా?" అని మొగుణ్ణి అడిగింది.

కొత్త పలుపు అంటే భావన సొంత ఫోను నంబరు, సొంత పాస్‌వర్డు. వాటిని పాత కంపెనీలో ఎక్కించి, ఖాజా పీర్ పాస్‌వర్డును ఆయనతోనే ఇంటికి పంపాలి. ఆ తరువాతే దారి మళ్లించాలి. ఇద్దరు పెద్దమనుషులూ దీనికి సంతోషంగా తలలూపారు. బి.కాం.లో ఈ పాఠం ఎక్కడా రాలేదన్నట్టు అఫ్రీన్ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

కొత్త నంబరు ఎక్కించాలంటే కంపెనీ పాత నంబరుకు ఒక కోడ్ పంపుతుంది. పాత నంబరు ఖాజా పీర్ మేనల్లుడు జాకీర్‌ది. కాలేజీలో చదివేటప్పుడు సరదాగా ఈ సైటు చేసిపెట్టింది వాడే. ఇప్పుడు కొలిమిగుండ్ల దగ్గర గుహలు చూడవచ్చే వాళ్లను లోపలికి తీసుకుపోయి చూపించే పని చేస్తున్నాడు. గుహలో చల్లగా ఉంటుంది, దీపాలుంటాయి, ఫోనుకు సిగ్నలు మాత్రం ఉండదు. కంపెనీ పంపే కోడ్ పది నిమిషాలే చెల్లుతుంది.

అఫ్రీన్ మీట నొక్కింది. కోడ్ వెళ్లింది. జాకీర్ భూమి లోపల ఉన్నాడు. వాడు గుహలోంచి బయటికి వచ్చి ఫోను చేసేసరికి ముప్పావు గంట అయింది.

"మామా, నాకేందో నంబరు వచ్చిందే."

"చెప్పు అల్లుడా, బేగా చెప్పు."

వాడు చెప్పాడు. అఫ్రీన్ కొట్టింది. గడువు దాటిందని కంపెనీ తిప్పికొట్టింది.

"ఇంకోటి పంపిస్తాం. ఆడనే నిలబడు," అన్నాడు ఖాజా పీర్.

"నిలబడలేను మామా. జనం లైను కట్టి కాసుకోనుండారు," అని జాకీర్ మళ్లీ భూమిలోకి దిగిపోయాడు.

జనార్దనానికి ఓపిక తక్కువ. ఆడపిల్లలు నొక్కడం చేతకాక ఆలస్యమవుతోందని ఆయన అనుమానం. తన ఫోనులో కూడా ఆ పేజీ తెరిపించుకుని దుకాణంలో కూర్చుని తనూ నొక్కడం మొదలుపెట్టాడు. మీట నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పుడుతుంది, పాతది చస్తుంది. ఈసారి జాకీర్ పని మానుకుని గుహ బయటే నిలబడి, వచ్చిన నంబరును వచ్చినట్టే చదివాడు. అది అఫ్రీన్ చెవిన పడేలోపల ఆళ్లగడ్డ బజారులో జనార్దనం ఇంకొకటి పుట్టించాడు. సాయంత్రం దాకా ఇదే తంతు. చివరికి చాలా అనుమానాస్పదంగా ఉంది, మా మనిషితో మాట్లాడండి అని కంపెనీ పేజీ మీదనే రాసింది.

అఫ్రీన్ ఫోను చేసి అందరికీ వినపడేట్టు పెట్టింది. అవతల మాట్లాడినతను తన పేరు జాన్ అన్నాడు. చాలా నెమ్మదస్తుడు.

"ఈ పేరుకు యజమాని ఎవరండీ?"

"నేను," అంది భావన. అలవాటుకొద్దీ "నేను," అన్నాడు ఖాజా పీర్. బిడ్డది తనది కాకపోతే ఇంకెవరిదన్న ధీమాతో "నేను," అన్నాడు జనార్దనం. మూడూ ఒకేసారి వినపడ్డాయి.

"ముగ్గురా అండీ?"

"అట్ల కాదు సామీ, నేను ఇవరంగా చెప్తా," అని జనార్దనం ఫోను దగ్గరికి జరిగాడు. "పేరు మా పాపది. ఎనుము ఈయప్పది. పలుపు జాకీర్ కాడ ఉండాది. ఆ పిల్లోడు గుహలో ఉండాడు."

అవతల జాన్ ఏదో రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

"ఎనుము అంటే ఏమిటండీ?" అన్నాడు జాన్.

"పాలిస్తాది సూడు, అది."

"గుహలో ఆయన్ని ఎవరైనా ఉంచారా అండీ?"

"ఎవురూ ఉంచలే. రోజూ పోతాడు. సాయంత్రానికి బయటికి వదుల్తారు."

జాన్ అది కూడా రాసుకున్నాడు. తరువాత చాలా మర్యాదగా, రెండు నెలల రక్షణ ముగిసేదాకా ఈ పేరుకు సంబంధించిన దేన్నీ ఎవరూ ముట్టుకోకుండా బిగించేస్తున్నామని చెప్పాడు. "మీ రక్షణ కోసమేనండీ," అన్నాడు. ఆ మాట వినగానే ప్రభావతి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గురువారం గోడౌను ప్రారంభమైంది. టెంకాయ కొట్టారు. కరపత్రం చూసి పేరు కొట్టినవాళ్లకు భావన పూలూ దీపాలూ కనిపించలేదు. ఖాజా పీర్ పాత సైటు కనిపించింది. అందులో వంకరగా కట్టిన ఎర్ర షామియానా ఒకటి, దాని ముందు తెల్ల గుర్రం మీద పెళ్లికొడుకు ఒకడు, వాళ్లిద్దరి కింద ఖాజా పీర్ ఫోను నంబరు. భావన గోడౌనులో ఒక్కతే కూర్చుని వల్లెవేసినట్టు రోజులు లెక్కపెట్టుకుంది. జనార్దనం రెండుసార్లు లోపలికి తొంగిచూసి, గుండిగలు ఏ మూల పట్టేదీ కంటితోనే కొలుచుకుని పోయాడు.

నంద్యాలలో ఖాజా పీర్ ఫోను మోగింది.

"పందిరి ఖాజానేనా?"

"అవునప్పా. కానీ అమ్మేసినా."

"అమ్మేస్తే పేపర్లో చీటీ యాలేసినావ్?"

"అది ఆళ్లగడ్డ భావన పాపది."

"ఎవురిదైతే మాకేం. మా పిల్లోని పెండ్లికి ఆ గుర్రం కావాల్ల."

"గుర్రం లేదప్పా."

"నీ బేరాలు నాకు తెలుసులే. మాది దొర్నిపాడు."

ఖాజా పీర్ నోరు జీవితమంతా పెళ్లివాళ్లకు అట్లనే, అట్లనే అని చెప్పి అరిగిన నోరు. కాదు అనే మాటను అది ఎక్కువసేపు మోయలేదు. మూడోసారి అడిగేసరికి "అట్లనే పంపిస్తా," అనేశాడు. వెంటనే భావనకు చేశాడు.

"పాప, దొర్నిపాడు పెండ్లి ఒకటి ఒప్పుకున్నా. పందిరి నీ ఇష్టమొచ్చినట్ల ఏసుకోమన్నారు. గుర్రం ఒకటి కావాల్లంట."

"గుర్రం యాడుంది మామా?"

"ఫోటోలో ఉండాది."

ఆ ఫోటో తీసిననాడు ఎవరిదో గుర్రం రోడ్డున పోతుంటే ఆపి, ఆ దారిన పోయే కుర్రవాణ్ణి ఎక్కించి తీసిందట. గుర్రం ఎవరిదో తెలియదు, పెళ్లికొడుకు పెళ్లికొడుకే కాదు. రెండో రోజు ఇంకో పెళ్లి వచ్చింది, గుర్రంతో. మూడోది కొలిమిగుండ్ల వైపు నుంచి వచ్చింది, గుర్రం లేకపోతే వద్దన్నారు. భావన హైదరాబాదులో నేర్చుకున్న పూల గొడుగులను గురించి ఎవరూ అడగలేదు.

గుర్రం వెతికే పని జనార్దనం మీద పడింది. గడువు పెట్టినవాడే కూతురి మొదటి గిరాకీ కోసం ఎండలో ఊళ్లు తిరిగాడు. బేరం వచ్చి గుమ్మంలో నిలబడ్డాక దాన్ని వెనక్కి పంపడం ఆయన రక్తంలో లేదు. చివరికి గడివేములలో గురుస్వామి అనే ఆయన దగ్గర ఒక గుర్రం దొరికింది. మంచి గుర్రం, సాధువు, పెళ్లిమేళానికి బెదరదు. అయితే చింతపండు రంగులో ఉంది.

"ఫోటోలో తెల్లగుండాదే నాయనా," అంది భావన.

"తెలుపుదేముంది," అన్నాడు జనార్దనం. "మీ అమ్మను పిలువు."

ప్రభావతి బియ్యప్పిండి జల్లించి, పలుచగా కలిపి, గుర్రానికి చెవుల నుంచి తోక దాకా పట్టించింది. పైన ముఖానికి వేసుకునే పౌడరు అద్దింది. గుర్రం నాలుక అందినంత మేర తనను తాను నాకి చూసుకుని, బాగుందనుకుందో ఏమో కదలకుండా నిలబడింది.

దొర్నిపాడులో ఊరేగింపు మొదలైంది. మేళం ముందు, గుర్రం వెనక. ఊరి మధ్యకు రాగానే వాన పట్టుకుంది. పిండి కారడం మొదలైంది. పెళ్లికొడుకు ఎక్కింది తెల్ల గుర్రం, పెళ్లిపందిరి ముందు దిగింది చింతపండు గుర్రం. దిగినవాడు నడుము దాకా తెల్లగా ఉన్నాడు. భావన పందిరి గుంజ చాటుకు వెళ్లి నిలబడింది. పెళ్లికూతురి అవ్వ గుర్రాన్ని కింది నుంచి మీదికి చూసి, పక్కనున్న ఆడవాళ్లవైపు తిరిగింది.

"సూస్తిరా, మా పిల్లకు రెండు గుర్రాలు పంపినారు. ఎక్కనీకే ఒకటి, దిగనీకే ఒకటి," అంది.

ఆ మాట దొర్నిపాడు దాటి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తరువాత ఖాజా పీర్‌కు ఫోను చేసినవాళ్లంతా రెండు గుర్రాల పెళ్లే కావాలన్నారు. ఆయన అందరికీ అట్లనే అన్నాడు. శ్రావణమంతా భావన పందిరి విప్పిన చేత్తోనే ఇంకొక పందిరి వేసింది. పూల గొడుగులు కూడా వేసింది. జనం వాటి కింద నిలబడి గుర్రాన్ని చూశారు.

రక్షణ తీరింది. భాద్రపదంలో ఒక ఉదయం అందరూ మళ్లీ కూడారు. జాకీర్ ఆ రోజుకు సెలవు పెట్టి, ఫోను చేతిలో పట్టుకుని సిగ్నలు బాగా వచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాడు. భావన నంబరు ఎక్కింది. పాత కంపెనీ కోడ్ ఇచ్చింది. భావన దాన్ని కొత్త కంపెనీలో కొట్టింది. ఒప్పుకుంటున్నారా అని అడిగితే ఒప్పుకుంటున్నాం అని నొక్కారు. టీ చల్లారకముందే అంతా అయిపోయింది. ఇంత చిన్న పనికా అన్నట్టు జనార్దనం అందరివైపూ చూశాడు. ఎవరూ ఆయనవైపు చూడలేదు.

కొత్త సైటు తెరుచుకుంది. మల్లెపందిళ్లు, నీళ్ల మీద దీపాలు, భావన నంబరు, చూడచక్కగా ఉంది. వారం రోజులు భావన ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది. పూల కంపెనీవాడు ఒకడు, అప్పు కావాలా అని అడిగే అమ్మాయి ఒకతె తప్ప ఎవరూ చేయలేదు. కార్తీకం పెళ్లిళ్లవాళ్లు నంద్యాలకే చేస్తున్నారు.

"ఏమప్పా ఖాజా, సైటులో గుర్రాలు లేవే. అమ్మేసినారా?"

"లేదప్పా, మేతకు పొయ్యినాయి," అని ఆయన సర్దిచెబుతూ వచ్చాడు.

భావన వారం తరువాత బస్సెక్కి నంద్యాల వెళ్లింది.

"మామా, పేరు కొన్నాం కానీ నీ గొంతు కొనలేదు," అంది. "వచ్చి మా గోడౌనులో కూర్చో."

"మోకాళ్లు పన్జెయ్యవు పాప."

"కూర్చునే పనే మామా."

ఆ సాయంత్రమే కొత్త కంపెనీవాళ్లు మల్లెపందిళ్లన్నీ తీసేసి, వంకర షామియానా, తెల్ల గుర్రం, ఖాజా పీర్ నంబరు ఎట్లా ఉండేవో అట్లాగే తిరిగి పెట్టారు. షామియానాను తిన్నగా చేయమంటారా అని అడిగితే భావన వద్దంది. గురుస్వామి గుర్రాన్ని నెలవారీ మీద మాట్లాడుకున్నారు. దానికి గోడౌనులో సగం ఇచ్చారు, మిగతా సగంలో ఖాజా పీర్ కుర్చీ వేశారు.

జనార్దనం ఒక ఉదయం గోడౌను గుమ్మంలో నిలబడి, "శ్రావణం అయిపాయె. నా గుండిగల సంగతేందీ పాప?" అని కొంచెం మెల్లగా అడిగాడు.

"కార్తీకం దాకా గడువిస్తా నాయనా," అంది భావన గుర్రానికి గడ్డి వేస్తూ. "ఆలోగా అమ్ముకో. ఆ వసారా కూడా నాకు కావాల్ల."

జరిగింది ఇది. మీరు దొర్నిపాడు వెళ్లి విచారిస్తే ఆ పెళ్లినాడు ఒక్క చినుకు కూడా పడలేదని చెబుతారు. నిజమే, వాన నేను కల్పించింది. గుర్రానికి పూసిన పిండి అంతా పెళ్లికొడుకు చెమటకే కొట్టుకుపోయింది.